ఇవానోని తెచ్చుకునే రోజు

అక్టోబర్ 14

షాపులో ఒకావిడకి తలకి రంగు పట్టించి కూర్చోబెట్టానో లేదో ఫోన్ మోగింది. డెల్ఫీనా వదిన. అన్నయ్య పోయాక ఆవిడ మాకు ఫోన్ చేసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎలా ఉన్నారు లేదు, ఏం చేస్తున్నారు లేదు. ఆ సముద్రం వాళ్ళకి మాటలంటే మహా పొదుపు. అన్నయ్య శవపెట్టెని పెట్టిన గోడ గూటికి ముప్పై ఏళ్ళ గడువు అయిపోయిందట. సమాధుల తోటలో ఆ గోడంతా తెరుస్తున్నారట. నవంబర్ 17న ఇంటివాళ్ళెవరైనా ఉండాలి. అస్థికలు తీసి చిన్న పెట్టెలో పెట్టి ఇస్తారు. అక్కడే ఇంకో చిన్న గూట్లో పెట్టుకోవచ్చు, లేదంటే మీరు తీసుకెళ్ళండి అంది. చివర్లో గొంతు తగ్గించి, అత్తయ్య కావాలంటే నేను అడ్డు చెప్పను అని కూడా అంది.

రంగు పెట్టినావిణ్ణి మర్చేపోయాను. నెత్తి మండిపోతోందని ఆవిడే కేకేసింది.

అక్టోబర్ 15

అమ్మకి చెప్పలేదు.

అక్టోబర్ 17

చెప్పాను. సూప్ తాగుతోంది. స్పూన్ కింద పెట్టలేదు. మొత్తం తాగి, గిన్నె కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని అప్పుడు అంది, "వాణ్ణి ఇంటికి తెచ్చుకుందామే. మీ నాన్న గూట్లో చిన్న పెట్టెకి చోటుంటుంది."

అమ్మ ఆ ఊరు ఇంతవరకు చూడలేదు. మా ఊరు ఫిడెంజాది బల్లపరుపు నేల. ఇక్కడ మొక్కజొన్న, ఆవులు, జున్ను, పొగమంచు. ఇవానో అన్నయ్య ఒక వేసవి అక్కడి హోటల్లో ప్లేట్లు మోయడానికి వెళ్ళి, పడవవాడి కూతుర్ని చేసుకుని, మామగారి పడవ ఎక్కేశాడు. దున్నుకునేవాడి కొడుకు చేపలు పట్టడమేంటని అమ్మ పెళ్ళికి కూడా వెళ్ళలేదు. ప్రతి పండక్కీ వచ్చి బతిమాలేవాడు. ఒక్క రోజు రామ్మా, పొద్దున ట్రైనెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటావు, రంగురంగుల ఇళ్ళు చూసి పోదువు గాని అని. రంగుల ఇళ్ళు మన చర్చి కేలండర్లో ఉన్నాయిలే అనేది. ఒక నవంబర్లో సముద్రం పొంగితే పడవని ఒడ్డుకి లాగబోయి పోయాడు. అప్పుడూ అమ్మ వెళ్ళలేదు. నాన్నా నేనూ వెళ్ళాం.

ఇప్పుడు ఎనభై మూడేళ్ళప్పుడు బయల్దేరుతోంది.

అక్టోబర్ 20

సోమవారం, షాపు సెలవు. అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. గుండె ఈ స్థితిలో ఉంటే మెట్లు ఎక్కకూడదన్నాడు. ఆ ఊళ్ళో మెట్లు తప్ప ఇంకేమున్నాయి? అదీ సమాధుల తోట అన్నిటికంటే పైన. వసంతం దాకా ఆగలేరా అన్నాడు. అమ్మ కోటు గుండీలు పెట్టుకుంటూ, అప్పటిదాకా ఉంటానని చీటీ రాసివ్వు నాయనా, ఆగుతాను అంది. పాపం అతను నవ్వాలో మానాలో తెలియక ప్రిస్క్రిప్షన్ పేడ్ వంక చూశాడు.

బయటికొచ్చాక అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నాకు భయంగా ఉంది, రాసుకోవడానికి సిగ్గెందుకు?

అక్టోబర్ 23

ప్లాను. కారు వద్దంది. కొండదారి మలుపుల్లో వాంతులవుతాయి. శవాల వ్యాను వాళ్ళతో మాట్లాడతానంటే నన్ను కొట్టినంత పని చేసింది. వాడు ట్రైన్లో రమ్మన్నాడు, ట్రైన్లోనే పోతాం, ట్రైన్లోనే తెచ్చుకుంటాం అంది. పొద్దున్నే ఇక్కడ ఎక్కడం, స్పెజియాలో ట్రైను మారడం, సొరంగాలు దాటుకుంటూ అన్నయ్య ఊళ్ళో దిగడం. అక్కడి సమాధుల తోట ఆఫీసుకి ఫోన్ చేసి పెట్టె ఎంత పొడుగుంటుందో కనుక్కున్నాను. తొడ ఎముక పొడుగు ఉంటుందన్నాడు ఆ ఆఫీసువాడు, బూట్ల సైజు చెప్పినట్టు.

ఇంట్లో ఉన్న సంచులన్నీ కొలిచాను. కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచి సరిగ్గా సరిపోతుంది. అమ్మకది చూపించాను. అలా చూసిందంతే. మధ్యాహ్నం వెళ్ళి నీలం రంగు కొత్త సంచి కొన్నాను.

అక్టోబర్ 28

అమ్మ వీధంతా చాటింది. ఏమని? నేనూ మా అమ్మాయీ సముద్రం వైపు షికారు పోతున్నాం అని! షాపుకొచ్చే ప్రతి ఆడదానికీ తెలిసిపోయింది. నవంబర్లో ఎవరైనా పోతారా ఒరియెట్టా అంటారు. పడవలు తిరగవు, హోటళ్ళు మూసేస్తారు, మే నెలలో పోకూడదూ అంటారు. ఒకావిడ ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు తెచ్చిపెట్టమంది. ఇంకొకావిడ గులాబీరంగు ఇళ్ళ ముందు అమ్మకి ఫొటో తియ్యి, రేవు మెట్ల మీద నిలబెడితే బాగొస్తుంది అంది. వాళ్ళ తలలు రుద్దుతూ అలాగే అలాగే అన్నాను. నోరు తెరిచి నిజం చెప్తే షాంపూ కళ్ళలో పోసుకునేవాళ్ళు.

నవంబర్ 2

సమాధుల పండుగ. ఊరంతా చామంతులు పట్టుకుని అక్కడే ఉంది. నాన్న గూటి ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. ఫొటో తుడిచింది, ఇత్తడి తుడిచింది, పక్కవాళ్ళ ఇత్తడి కూడా తుడిచింది. కొడుకొస్తున్నాడు, కాస్త సర్దుకో అని నాన్నతో అనడం విన్నాను. కాపలాదారుని పిలిచి పెట్టె పడుతుందో లేదో మళ్ళీ అడిగింది. పడుతుందమ్మా అన్నాడు, నిరుడు మా అమ్మనీ అలాగే పెట్టాం అన్నాడు.

తిరిగొస్తూ బేకరీలో ఆగి కేకు కొనమంది. అమ్మ ఇంత సంతోషంగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. చూడలేకపోతున్నాను కూడా.

నవంబర్ 6

వంటింట్లో అమ్మ అంది, అప్పుడు నా మాట నెగ్గడం ఎంత మంచిదైందో అని.

వదినవాళ్ళలో పోయినవాళ్ళందరూ ద్రాక్షతోటల కింద మట్టిలోనే ఉన్నారు. అన్నయ్య పోయినప్పుడు ఆవిడ వాళ్ళ పక్కన మట్టిలో పెడదామంది. అమ్మ ఇక్కణ్ణుంచే నాన్న చేత కబురు చేయించింది. నీళ్ళలో పోయినవాణ్ణి తడిమట్టిలో పెడతారా, గోడలోనే పెట్టాలి, జింకు రేకు పెట్టెలో పెట్టి చుట్టూ మాటు వేయించాలి, చుక్క తేమ తగలకూడదు అని. వదిన నాన్న కోటు పట్టుకుని ఏడ్చింది. నాన్న తల దించుకుని అమ్మ మాటే నిలబెట్టాడు. ఇన్నేళ్ళూ పొడిగా ఉన్నాడు నా తండ్రి, అంది అమ్మ ఇవాళ.

నవంబర్ 11

టికెట్లు కొన్నాను. పోవడానికి రెండు, రావడానికి రెండు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, వాడిదేదీ అంది. అమ్మా, సంచికి టికెట్ తీసుకోరే అన్నాను. సంచా, వాడు నీకు సంచా అంది. ఒక గంటసేపు నాతో మాట్లాడలేదు. మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళి రావడానికి ఇంకొకటి తీసుకున్నాను.

నవంబర్ 16

రెండు రోజులుగా సముద్రం పోటు మీద ఉందని టీవీలో చెప్తున్నారు. వదినకి ఫోన్ చేశాను. సమాధుల తోట పైనెక్కడో ఉంది, అలలు అక్కడికి రావు, రండి అంది. సలామీ పెట్టి బ్రెడ్డు కట్టాను. మందులు, గొడుగు, అమ్మకి ఇంకో జత మేజోళ్ళు.

సాయంత్రం అమ్మ జుట్టు చుట్టమంది. రోలర్లు పెట్టి, ఆరబెట్టి, దువ్వి, స్ప్రే కొట్టాను. అద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కాస్త వెనక ఎత్తుగా పెట్టవే, పొట్టిగా కనిపిస్తున్నాను అంది.

నవంబర్ 17, ట్రైన్లో

పొంట్రెమోలి స్టేషన్ దాటింది. సొరంగంలోకి పోయినప్పుడల్లా అమ్మ సంచి మీద చెయ్యి వేస్తోంది. ఖాళీ సంచి.

నవంబర్ 18

నిన్న రాయలేకపోయాను. ఇవాళ షాపు తెరవలేదు.

వదిన స్టేషన్‌లో నిలబడి ఉంది. జుట్టంతా నెరిసింది, రంగు వేసుకోలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మే ముందు చెయ్యి చాపింది. వదిన ఆ చెయ్యి తన భుజం కింద పెట్టుకుని మెట్లు ఎక్కించడం మొదలుపెట్టింది. నాలుగు మెట్లెక్కడం, కూర్చోవడం. వదిన ఒక మడత కుర్చీ కూడా తెచ్చింది, అమ్మ గుండె సంగతి నేనే చెప్పాను. వీధుల్లో పిల్లి తప్ప ఎవరూ లేరు. కింద సముద్రం కొండని బాదుతోంది. దారి పొడుగునా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఒకటే. ఆ ఇల్లు మాది అంది వదిన. పసుపుదా అంది అమ్మ.

పైన ఇద్దరు మనుషులు గోడ దగ్గర ఉన్నారు. అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి నేనూ వదినా వెళ్ళాం. పలక తీశారు. పెట్టె బయటికి లాగారు. ఇద్దరు చాలక ఇంకొకణ్ణి పిలిచారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. అస్థికలే అయితే అంత బరువెందుకుంటుంది? వాళ్ళలో పెద్దవాడు రేకు ఒక పక్క కోసి, లోపలికి చూసి, కోయడం ఆపేశాడు. మమ్మల్ని వెనక్కి జరగమన్నాడు. నేను జరగలేదు. చూశాను.

ఇవానో అన్నయ్య ఉన్నాడు. అంతే రాస్తాను. వదిన అల్లిన స్వెట్టర్, మెడ, జుట్టు.

పెద్దవాడు మంచివాడే. టోపీ తీసి చెప్పాడు. గాలీ తేమా తగలకుండా అంత గట్టిగా మాటు వేస్తే ఇలాగే ఉంటారమ్మా, ఈ గోడలో ఇంకా ఇద్దరున్నారు ఇలా అన్నాడు. మట్టిలో పెట్టినవాళ్ళు ఈపాటికి ఎప్పుడో కరిగి అయిపోయారు అన్నాడు. ఇలాంటప్పుడు పెట్టెకి కంతలు చేసి మట్టిలో పెట్టాలి. ఇంకో అయిదేళ్ళు. అప్పుడు ఎముకలు తీసుకెళ్ళొచ్చు. వద్దంటే దహనం చేయించుకోవచ్చు.

వదిన ఒక్క మాట అనలేదు. అనొచ్చు. నేనైతే అనేదాన్ని.

అమ్మ దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎంత పెద్ద పెట్టె ఇచ్చారు అని అడిగింది. చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలీదు. అమ్మ నా మొహం కేసి చూస్తూ, "ఎలా ఉన్నాడే?" అంది.

"అలాగే ఉన్నాడమ్మా. ఏం మారలేదు."

లేచి చూస్తుందేమో, పట్టుకోవాలేమో అనుకున్నాను. లేవలేదు. మొన్న నేను చుట్టిన జుట్టు మీద చెయ్యి వేసుకుంది. "అయితే నేను రాను. ఇంత ముసలిదాన్నయిపోయాను, గుర్తుపట్టడు."

అప్పుడు ఏడ్చాను నేను. అమ్మ ఏడవలేదు. కాసేపయ్యాక వదినని పిలిచింది. "నువ్వే కరెక్టు చెప్పావమ్మాయ్. నా మొండితనంతో వాణ్ణి ముప్పై ఏళ్ళు కూర్చోబెట్టాను." దహనం మాట పెద్దవాడు మళ్ళీ ఎత్తితే చెయ్యి ఊపేసింది. నీళ్ళయ్యాయి, రేకయ్యింది, ఇంక నిప్పు కూడానా అంది. మట్టిలో పెట్టండి. డెల్ఫీనావాళ్ళ మనుషుల పక్కన.

ద్రాక్షతోట గోడ పక్కన గొయ్యి అప్పటికే తీసి ఉంది. గోడ తెరిచే రోజుల్లో నాలుగైదు ముందే తీసి పెడతారట. వాన మొదలైంది. అమ్మ మట్టి పిడికిట్లోకి తీసుకుని చాలాసేపు పిసికింది, మంచి మట్టో కాదో చూసేవాళ్ళలా. తర్వాత వేసింది.

ట్రైన్‌కి ఇంకా టైముంది. వచ్చాం కదా, ఊరు చూపించు అంది అమ్మ వదినతో. రేవు దాకా దిగాం. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎరుపు, పసుపు, గులాబీ, వానలో అన్నీ తడిసి ఉన్నాయి. పడవల్ని తాళ్ళతో వీధిలోకి లాగి కట్టేశారు. పడవలోంచి ఎవరి ఇల్లు వాళ్ళకి కనిపించాలనే ఈ రంగులు అని ఇవానో చెప్పేవాడు అంది అమ్మ. "ఇన్ని రంగులేసుకుని ఏం లాభం, నా కొడుకు ఇల్లు చేరలేదు." వదిన అమ్మ కోటు కాలరు పైకి లాగి గుండీ పెట్టింది.

తిరుగు ట్రైన్లో టికెట్లు చూసేవాడికి అమ్మ మూడూ ఇచ్చింది. మూడో మనిషేడీ అన్నాడు. రాలేదు అంది అమ్మ.

నవంబర్ 20

అమ్మకి ఆయాసం. డాక్టర్ ఇంటికొచ్చాడు. చెప్పానా లేదా అన్నట్టు నాకేసి చూశాడు. మాత్రలు పెంచాడు. ఉప్పు చేపలు అడిగినావిడ, తెచ్చావా అని షాపుకి ఫోన్ చేసింది. మర్చిపోయాను అన్నాను.

నవంబర్ 24

ఇవాళ లేచి కూర్చుంది. రెండు చెంచాల సూప్ తాగి, ఒక సంగతి ఆలోచించాను విను అంది. వింటున్నాను అన్నాను, దుప్పటి మడతపెడుతూ. "నేను పోతే నన్ను గోడలో పెట్టొద్దు. అక్కడే, వాడి పక్కన మట్టిలో పెట్టు. ఎలాగూ నాకిప్పుడో ఇంకాసేపో. వాడూ నేనూ ఒకేసారి అయిపోతాం. అప్పుడు ఇద్దర్నీ ఒక్క రోజులో తెచ్చేసుకోవచ్చు. నీకు రెండుసార్లు తిరిగే పని ఉండదు."

నోర్మూసుకోమని అరిచాను. నా జీవితంలో అమ్మని ఆ మాట అనలేదు. అమ్మకి కోపం రాలేదు. ఆ సమాధుల తోట ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కో అంది. లేదంటే నిద్ర పట్టదు అంది.

నవంబర్ 26

చేశాను. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకీ, ఆ ఊళ్ళో పోయినవాళ్ళకీ మాత్రమే చోటట. బయటివాళ్ళకి కుదరదట. ఆఫీసులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

సరేనన్నారని అమ్మకి చెప్పాను. ఇద్దర్నీ ట్రైన్లో తెచ్చేటప్పుడు కిటికీ పక్కన వాణ్ణి కూర్చోబెట్టమంది. అలాగేనన్నాను.