సందర్శకుల బెంచీ మీంచి

చింతామణి,
పేట వీధి.

అమ్మకు నయన నమస్కారాలు.

ఇక్కడ అందరమూ బాగుండాము. బాగేపల్లి ఎండకు నీ మోకాళ్ళ నొప్పి కూడా కొంచెం నెమ్మదించిందని అనుకుంటాను. ఫోనులో నా మాట నీకు సరిగ్గా వినపడదు, "ఆ, ఆ" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను.

పోయిన జాబులో అడిగినావు గదా, నీ మనవరాలు చైత్రకు పన్ను ఊడింది. నొప్పేమీ లేదు, నవ్వినప్పుడంతా ఆ సందులో నాలుక పెడతాది. నువ్వు పంపిన చింతతొక్కు సగమైపోయింది, మీ అల్లుడు రాగిముద్దలోకి కూడా అదే అడుగుతాండారు. "ఆ నగరసభె మీటింగులకు ఎందుకు పోతాండావు, ఆడ నీకేం పని" అని రాసినావు. చెప్తాను.

మొదటిసారి ఆ మునిసిపాలిటీ ఆఫీసుకు పోయింది మా వీధి దీపం గురించి. అర్జీ ఇచ్చి వచ్చేద్దామనుకుంటే, "మీటింగు జరుగుతాండాది, ఆ బెంచీలో కూర్చోండమ్మా" అన్నారు. కూర్చున్నాను. పైన ఫ్యాను నిదానంగా తిరుగుతాండాది. ఎవరో కన్నడంలో ఒక్కో విషయమూ చదువుతాండారు. ఫలానా క్రాసులో మురుగు మోరీ, ఫలానా వీధికి నీళ్ళ పైపు, పార్కులో బెంచీలు. జోలపాట మాదిరి ఉండాదమ్మా ఆ చదివేది. వింటా వింటా నేను ఆ వీధులన్నీ తిరిగొచ్చినాను. ఇంకా వేయని పైపులో నీళ్ళు పారినాయి. ఇంకా పెట్టని బెంచీ మీద ఎవరో ముసలాయన కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. ఉన్న ఊరి మీద లేని ఊరొకటి పొద్దున మంచు మాదిరి మెల్లగా దిగింది. ఇంటికొచ్చి బియ్యం కడుగుతా కూడా ఆ ఊర్లోనే ఉండినాను. అప్పటి నుంచి మీటింగు ఉండాదని తెలిస్తే చాలు, వంట ముగించుకొని పోతాండాను. మీ అల్లుడు ఏమీ అనరు, నవ్వుతారు.

ఇంకో మాట కూడా అడిగినావు. "మీ మామకూ నీకూ మాటల్లేవంట, నిజమేనా" అని. ఎవరు మోసినారో గాని, అది నిజమే. మొదట్లోనే రాద్దామనుకొని ఇంతదాకా లాగినాను.

మా అంగడి ముందర పొద్దున్నే పూలూ ఆకుకూరలూ అమ్మే ఆడవాళ్ళు కూర్చుంటారు, నువ్వూ చూసినావు. బట్లహళ్ళి నుంచి, కైవార నుంచి మొదటి బస్సుకు వస్తారు. వాళ్ళ గంపలతో అంగళ్ళకు దారి లేదనీ, బైపాసు దగ్గర కొత్తగా కట్టిన షెడ్డుకు వాళ్ళను పంపించమనీ వర్తకులంతా అర్జీ పెట్టినారు. ముందుండి పెట్టించింది మా మామే. ఆయన మాటలోనూ న్యాయముండాది. బేరానికొచ్చినోళ్ళు గంపలు దాటలేక పక్క వీధికి పోతాండారు.

ఆ అర్జీ మీటింగుకొచ్చిన దినం మామ, తక్కిన వర్తకులు ముందు బెంచీలో కూర్చున్నారు. నేను వెనక. ఆ విషయం చదవడం మొదలుపెట్టగానే, ఎప్పటి మాదిరే కండ్లు మూసుకొని మా పేట వీధిలోకి పోయినాను. వీధి కడిగినట్ల ఉండాది. వెడల్పుగా, ఖాళీగా. నడుస్తా పోతే యాడా కనకాంబరాలు లేవు, కొత్తిమీర వాసన లేదు. వాళ్ళు ఏమైపోయినారని వెదుక్కుంటా బైపాసు దాకా పోయినాను. ఆడ గంపలు నెత్తిన పెట్టుకొని, ఎండలో రోడ్డు పక్కన వరసగా నడుస్తాండారు. ఎంత నడిచినా షెడ్డు దగ్గరికి రావడంలేదు.

"ఆ షెడ్డు కాడికి బస్సు పోదు గదా" అన్నాను.

కలలో అన్నాననుకున్నాను. కండ్లు తెరిస్తే లేచి నిలబడుండాను. సభంతా నా పక్కే చూస్తాండాది. మామ కూడా వెనక్కి తిరిగినారు.

"బెంచీలో కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదమ్మా, కూర్చోండి" అని అధ్యక్షులు మెత్తగానే చెప్పినారు. కూర్చున్నాను.

అప్పుడు మా వార్డు నుంచి గెలిచిన సదస్యురాలు అక్కయమ్మ లేచింది. ఆమె సభలో నోరు తెరవగా నేను ఎప్పుడూ చూడలేదు. చెయ్యెత్తమంటే ఎత్తుతాది, అంతే. కొంగు భుజం మీదికి లాక్కొని, "ఆమె అడగకూడదంటే సరే. అదే మాట నేనడుగుతాండాను. బస్సు పోతాదా, పోదా? రాసుకోండి" అనింది.

పోదని తేలింది. విషయం వాయిదా పడింది. తర్వాతి మీటింగులో తీర్మానం చేసినారు. షెడ్డుకు బస్సు వేసేదాకా వాళ్ళు ఇక్కడే కూర్చోవచ్చు, గాని పొద్దున పూట మాత్రమే, వీధికి ఒక పక్కే.

నేను నోరు తెరిచిన ఆ దినం మామ ముందర, నేను వెనక నడుచుకుంటా ఇల్లు చేరినాము. గడప దాటినాక, "అశ్వత్థనారాయణ మాటకు కోడలే అడ్డం లేచిందని పేటంతా అంటాది" అన్నారు.

"మీకు అడ్డం లేవలేదు మామా. నాకు తెలీకుండానే లేచినాను."

ఆయన కాళ్ళు కడుక్కొని లోపలికి పోయినారు. అప్పటి నుంచి వడ్డిస్తే తింటారు, చాలంటే చెయ్యి అడ్డం పెడతారు. అంతే. మీ అల్లుడు నడిమధ్యన నలిగిపోయినారు పాపం. నేను వంటింట్లో ఏడ్చుకున్నాను గాని, అడిగింది తప్పని మాత్రం నాకు అనిపించలేదు.

నిన్న పొద్దున మామ అంగడి తలుపు తీస్తా నన్ను పిలిచినారు. గంపలన్నీ ఒక పక్కకు సర్దుకొని ఉండాయి, జనం ఆ పక్కన ఇబ్బంది లేకుండా నడుస్తాండారు. ఆయన వీధినే చూస్తా, "నయనా, బెంచీలో కూర్చుంటే మాట్లాడనీరు. మాట్లాడాలంటే లోపల కుర్చీలో కూర్చోవల్ల" అన్నారు. గల్లాపెట్టె తుడుచుకుంటా కూర్చున్నారు.

ఆయనకు ఎట్ల తెలిసిందో నాకు తెలీదమ్మా. అక్కయమ్మ మళ్ళీ నిలబడదంట. వచ్చే ఎన్నికల్లో మా వార్డుకు నన్ను నిలబడమని అడిగింది. నేను సరేనన్నాను. మీ అల్లుడికి అదే దినం చెప్పినాను, నీకు చెప్పడానికే ధైర్యం చాల్లేదు. గోడల మీద నీ కూతురి బొమ్మ అంటిస్తారు. నలుగురూ నాలుగు మాటలంటారు, ఓడిపోతే ఇంకో నాలుగంటారు. నాన్న పోయినాక మమ్మల్ని ఎవరి నోట్లోనూ పడకుండా పెంచినదానివి నువ్వు.

వద్దని మాత్రం రాయొద్దమ్మా. భయంగా ఉండాదని రాయి. నాకూ అట్లే ఉండాది. ఇద్దరిదీ ఒకే భయమైతే నాకు కొంచెం తోడుంటాది.

ఇట్లు,
నీ కూతురు
నయన