డాబా మీది నల్లా

వరంగల్, ఏప్రిల్ 1983

సార్,

ఇవాళ మీ సంవత్సరీకం. మన కాలేజీ డాబా మీదికి నీళ్లొచ్చాయి.

బతికున్నన్నాళ్లూ మీరు ఆ నల్లా కోసం అర్జీలు పెట్టారు. "చెట్లు ఎట్ల ఎండుతయో సూసెటందుకు నీళ్లెందుకయ్యా?" అని నవ్వింది మన డిపార్ట్‌మెంట్ హెడ్డే. జొన్న మొక్క ఎదిగేదాకా నీళ్లు పొయ్యాలి, ఆ తర్వాతే ఆపి చూడాలి అని మీరెన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. గుండె బాగాలేకపోయినా మీరే కింది నుంచి బకెట్లతో నీళ్లు మోశారు. చివరికి ఆ డాబా మెట్ల మీదే కూలబడ్డారు.

ఇవాళ ఆ నల్లాకు రిబ్బన్ కట్టి ఆయనే కత్తిరించారు. గోడకు మీ పేరుతో పలక కూడా బిగించారు. పక్కనే నా కుండీలున్నాయి. మీరు దాచిన జొన్న విత్తనాలే వేసి, మొక్కలెదిగాక ఏ రకం కరువుకు నిలుస్తుందో చూద్దామని నీళ్లు ఆపేశాను. ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. ఆయన నల్లాకు తగిలించిన పైపు అటు తిప్పారు.

"వద్దు సార్! వాటికి పొయ్యొద్దు!" అని అరిచాను.

"గట్లంటవేందమ్మా? సార్ పానం పెట్టిన చెట్లు. జర దయుండాలె," అంటూనే అన్ని కుండీల్లోనూ నీళ్లు పోసేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం వెళ్లి చూశాను. అన్ని కుండీల్లోనూ ఆకులు విచ్చుకున్నాయి. ఏది తట్టుకునేదో, ఏది చచ్చేదో ఇక ఎవరూ చెప్పలేరు.

రేపు మళ్లీ విత్తుతాను. వాళ్ల నల్లా మాత్రం ముట్టుకోను. మీ బకెట్ ఇంకా మెట్ల కిందే ఉంది.