ఏడో అంతస్తు కిటికీ

అన్నయ్యకి,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ వదినా పిల్లలూ కూడా క్షేమమనే అనుకుంటున్నాను. 'క్షేమం' అన్న ఆ మొదటి మాట రాశాక కలం కాసేపు పక్కన పెట్టేశాను. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

నీ మేనకోడలు కొత్త ఉద్యోగంలో కుదురుకుంది. పళ్ల డాక్టరు దగ్గర ఎక్స్‌రేలు తీస్తోంది. ఇంటికొచ్చాక మేం నవ్వితే చాలు, మా పళ్ల వంకే చూస్తోంది. వంటింటి కప్పు కారడం ఆగింది. తానే ఎక్కి బాగుచేశానని మీ బావగారు వీధంతా చెప్పుకుంటున్నారు. నిజానికి వానలు ఆగాయి, అంతే. వదిన మోకాలి నొప్పి సంగతి రాశావు కదా, ఆ మెట్ల ఇల్లు మారమన్నానని చెప్పు. నీ మాటైతే వినదు, నా మాట వింటుంది.

ఇక నీ మూడో ప్రశ్న. "నలభై ఏళ్ల కిందటి ఆట మీద ఇప్పుడీ పిచ్చి ఏంటే నీకు?" అని అడిగావు.

నాన్న ఆఫీసులో ఎవరో వదిలించుకుంటుంటే తెచ్చిన కంప్యూటరు అది. కీబోర్డే కంప్యూటరు. టీవీకి తగిలించి, టేప్‌రికార్డర్లో క్యాసెట్ పెడితే, గొంతు పట్టేసిన కాకిలా ఐదు నిమిషాలు అరిచి అప్పుడు ఆట వచ్చేది. అమ్మ చెవుల్లో దూది పెట్టుకునేది. నీలం మేడ. కింది నుంచి ఎక్కి వచ్చే నీళ్లు. ఒక్కో అంతస్తులో ఒక్కో తాళంచెవి ఏరుకుంటూ పైకి పరుగెత్తే టోపీ మనిషి. ఏడో అంతస్తు కిటికీ ముందు కాసేపు ఆగితే, లోపలి నుంచి ఒక అమ్మాయి కనబడి చెయ్యి ఊపేది. అందుకు పాయింట్లు రావు, ఏమీ రావు. అయినా నీళ్లు మడమల దాకా వచ్చినా నేను అక్కడే ఆగేదాన్ని. "పదవే, మునిగిపోతాం!" అని నువ్వు నెత్తిన మొట్టేవాడివి.

పేరు గుర్తులేదు, వదిలెయ్ అన్నావు. నేను వదల్లేదు. టీవీలు బాగుచేసే అతన్ని అడిగితే, లిఫ్టుల మెకానిక్కుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన అడ్రసు ఇచ్చాడు. పోయిన ఆదివారం పొద్దున వెళ్లాను. ముందు గదంతా పాత కంప్యూటర్లే. మంచం నిండా క్యాసెట్లే. ఆయన భార్య కుర్చీలో కూర్చుని కునుకు తీస్తోంది, పాపం.

"అందులో ఒక టోపీ మనిషి ఉంటాడండీ" అని మొదలుపెట్టాను.

"టోపీ కాదమ్మా, అది తలే. అప్పట్లో తలకాయ గీయడానికి నాలుగు చుక్కలు దొరికితే గొప్ప" అన్నారాయన.

రెండు క్యాసెట్లు పెట్టారు, అవి కావు. మూడోది అదే గొంతుతో అరిచింది. తర్వాత గీత గీతగా నీలం మేడ లేచింది. 'వరద మేడ' అట దాని పేరు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆయన కీబోర్డు నా ముందుకి జరిపారు. ఏ మీట ఏం చేస్తుందో చెప్పకముందే నా వేళ్లు వాటి చోటుకి అవే వెళ్లాయి. ఏడో అంతస్తుకి చేరాను. కిటికీ ఉంది. ఆగాను. నీళ్లు మడమల దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి, టోపీ మనిషి మునిగిపోయాడు. అమ్మాయి రాలేదు.

మూడుసార్లు ఆడాను. మూడుసార్లూ మునిగాను.

"ఎవరి కోసమమ్మా ఆగుతున్నారు?" అని అడిగారు. చెప్పాను. "ఇందులో ఆడపిల్ల ఎక్కడుందమ్మా! నేను వందసార్లు ఆడి ఉంటాను" అన్నారు. నా ముఖం చూసి మళ్లీ ఆయనే, "మీ ఇంట్లో ఎవరైనా ప్రోగ్రాం లోపల వేలు పెట్టేవారా?" అన్నారు.

"మా అన్నయ్య వేలు పెట్టని వస్తువు లేదండీ."

"అయితే ఆయన్నే అడగండి. కాస్త తెలిసినవాళ్లు అప్పట్లో ఇలాంటివి మార్చుకునేవాళ్లు. మార్చారో లేదో నా క్యాసెట్ చెప్పలేదుగా."

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

రెండు నెలల కిందట మా కళ్లజోళ్ల షాపుకి ఒక పెద్దాయన తిరిగొచ్చారు. "అమ్మా, ఇది పెట్టుకుంటే మెట్లు పక్కకి వాలిపోతున్నాయి" అన్నారు. చూస్తే కుడికంటి అద్దం ఎడమవైపు, ఎడమది కుడివైపు బిగించాను. పాతికేళ్లలో ఎప్పుడూ అలా చేయలేదు. ఎవరికైనా జరుగుతుందిలే అని ఓనరు నవ్వేశాడు. నేనూ నవ్వాను. మరో వారానికి, పట్టపగలు, ఇంటికొస్తూ మందులషాపు మలుపులో ఆగిపోయాను. ఎటు తిరగాలో తెలియలేదు. రోజూ నడిచే దారే అన్నయ్యా. "ఏం కావాలి ఆంటీ?" అని షాపులో అమ్మాయి అడిగితే దగ్గుబిళ్లలు ఇమ్మన్నాను. నాకు దగ్గు లేదు. ఆ పిల్ల పొట్లం కట్టేసరికి దారి తిరిగొచ్చింది.

నాన్నకి మతిమరుపు మొదలైంది ఇలాగే, యాభై రెండో ఏట. నాకిప్పుడు యాభై.

అప్పటి నుంచి ఎవరికీ చెప్పకుండా నన్ను నేనే పరీక్ష పెట్టుకుంటున్నాను. చిన్నప్పటివాటిలో అన్నిటికన్నా గట్టిగా, రంగులతో సహా గుర్తున్నది ఆ ఆటే. అది నాకు గుర్తున్నట్టే ఉంటే నా తల బాగున్నట్టే అని నాతో నేనే పందెం వేసుకున్నాను. ఆటంతా గెలిచి ఆ ఒక్క కిటికీ దగ్గర ఓడిపోయాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో స్టాపుల పేర్లన్నీ పైకే చదువుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి మీ బావగారికి అంతా చెప్పేశాను. "రెండు నెలలా? పక్కనే కూర్చుని రెండు నెలలు దాచావా?" అని కేకలేశారు. తర్వాత నా చెప్పులు తుడుస్తూ కూర్చున్నారు. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ ఐదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమంది. నాలుగు చెప్పాను. "హడలిపోయేంత కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు" అంది. రక్తపరీక్షలు అయ్యాయి, స్కానింగు వచ్చే నెల. ఐదో మాట 'గొడుగు' అని మెట్లు దిగుతుంటే తట్టింది. వెనక్కెళ్లి చెప్పొస్తానన్నాను. మీ బావగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

అన్నయ్యా, నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ కిటికీలో అమ్మాయిని నువ్వు పెట్టావా? ఫోన్లో చెప్పకు. నువ్వు ఒక్క క్షణం తడుముకున్నా, వారం రోజులు ఆ క్షణాన్నే తవ్వుకుంటూ కూర్చుంటాను. కాగితం మీద రాయి.

ఇంకొక్క మాట. నాన్న చివరి రోజుల్లో సాయంత్రమయ్యేసరికి "కుక్కకి అన్నం పెట్టారా?" అని అడిగేవారు. అది పోయి అప్పటికే పదేళ్లు. నేను కుక్క లేదు నాన్నా అని ఉన్నమాట చెప్పి ఆయన్ని ఏడిపించేదాన్ని. నువ్వు మాత్రం "పెట్టాను నాన్నా, తిని పడుకుంది" అనేవాడివి. ఆయన ముఖం తేటపడేది. నువ్వు చేసిందే మంచిదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకూ అలాంటి రోజొస్తే అలాగే చెప్పు, నీ నోటి నుంచి ఏది విన్నా నమ్ముతాను.

కానీ ఆ రోజు ఇంకా రాలేదు. అమ్మాయి ఉంటే ఉందని రాయి. లేకపోతే లేదని రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం రోజూ గుమ్మం వంక చూసే
నీ చెల్లెలు