ధైర్యం చెప్పిన అక్క

శీనూ,

నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి పద్దెనిమిదేళ్లు.

ఈ ఉదయం టేకులపల్లి నుంచి ఒకామె తన తమ్ముణ్ణి నా కౌన్సెలింగ్ గదికి తీసుకొచ్చింది. అతనూ నీలాగే బొగ్గుబాయిలో పనిచేస్తాడు. పక్కన పనిచేసే స్నేహితుడు కళ్లముందే చనిపోయినప్పటి నుంచి బాయిలోకి దిగలేకపోతున్నాడు.

"మేడం, జర ధైర్యం చెప్పుండ్రి. మగోడై ఉండి గీ వణుకుడేంది?" అంది ఆమె.

ఆ మాట నాదే. నువ్వు "అక్కా, భయమైతుంది" అంటూ వచ్చిన రోజు, కూర తరుగుతూ తల కూడా ఎత్తకుండా అన్నాను: "అందరు దిగుతలేరా? మగోడివి, పో." నువ్వు పోయావు. నాలుగో రోజు నిన్ను గోదావరిలోంచి తీశారు. సైకాలజీ నేను ఆ తర్వాతే చదివాను. ఇప్పుడు నా ఓపికను అందరూ మెచ్చుకుంటారు. అది ఎంత ఆలస్యంగా వచ్చిందో వాళ్లకు తెలియదు.

ఆమెను బయట కూర్చోబెట్టి, అతని ఎదురుగా ఊరికే కూర్చున్నాను. మొదటి రోజు ఎవరికీ సలహా ఇవ్వను. అతనే మాట మొదలుపెట్టాడు.

"భయమైతుంది మేడం."

"అవ్, అయితది. చెప్పు, నేను వింట."

గంటసేపు ఏడుస్తూ చెప్పాడు. సోమవారం మళ్లీ వస్తానన్నాడు.

వెళ్తూ వాళ్లక్క నా చేతులు పట్టుకుంది. "మీ అసొంటి అక్క ఉంటే ఏ తమ్మునికి ఏమైతది మేడం!"

నేను చేతులు విడిపించుకుని, తర్వాతి పేరు పిలిచాను.