రిజిస్టరులో రాజయ్య

2008, సెప్టెంబర్ 5

ఉపాధ్యాయ దినోత్సవం. బడికి పిలిచి శాలువా కప్పారు. ఇంట్లో ఇది పదకొండోది. గోదావరిఖనిలో చలి మహా ఉంటే పది రోజులు.

మాట్లాడమన్నారు. మళ్ళీ అదే కథ. పద్దెనిమిదేళ్ల కిందట ఒక గని కార్మికుడు కొడుకును చేర్పించడానికి రావడం... "తండ్రి పేరు కాడ నా గని పేరు ఓదెలని రాయి టీచరమ్మా" అనడం... నేను కలం కింద పెట్టి, "ఇది గని కాదు, బడి. నీ తల్లి పెట్టిన పేరు చెప్పు" అనడం... అతడు తల దించుకుని "రాజయ్య" అనడం. చప్పట్లు. సత్యనిష్ఠ అంటే ఇదీ అన్నాడు కొత్త హెడ్మాస్టరు. కాదనలేదు. ఆ మాట వినడానికే కదా ఏటా వెళ్తున్నది.

సెప్టెంబర్ 6

వినాయక మండపంలో మైకు, తెల్లవారుజాము నుంచీ. ఆయనకు అంత పెద్ద చెవులు ఎందుకు పెట్టారో తెలిసింది. భరించగలడు. మనకు ఆ సౌకర్యం లేదు.

సెప్టెంబర్ 8

లచ్చమ్మ వచ్చింది. రాజయ్య భార్య. వాళ్ల క్వార్టరు మా వెనక లైన్లోనే. ఇరవై ఏళ్లుగా దొడ్డి గోడ మీంచి కరివేపాకు అడిగే మనిషి ఇవాళ ముందు తలుపు నుంచి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"శీనుగాని ఫైలు వాపస్ వచ్చింది టీచరమ్మా."

రాజయ్య నడుము పోయింది. ఇక గనిలో దిగలేడని డాక్టర్లు రాసేశారు. అలా రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కు ఇవ్వడం ఇక్కడి పద్ధతి. కానీ గని కాగితాల్లో ఉన్న మనిషి ఓదెలు. శీను సర్టిఫికెట్లలో ఉన్న తండ్రి రాజయ్య. ఓదెలు ఉద్యోగం రాజయ్య కొడుక్కు ఎలా ఇస్తాం అని ఆఫీసులో అడిగారట. వాళ్ల ప్రశ్నలో తప్పేముంది?

"రేషను కార్డు ఓదెలే. ఓటు కార్డు ఓదెలే. క్వాటర్ ఓదెలుదే. నువ్వొక్కదానివే రాజయ్యని రాసినవ్. అదే పదో తరగతి దాక పాకింది."

"ఉన్న పేరే కదనే రాసింది?"

"మా లైన్ల శానమంది మారుపేర్లోల్లే. వాళ్ల పోరగాండ్లు వేరే బడికి పోయిన్రు, గని పేర్లే రాయించుకున్నరు. నౌకర్లు జేస్తున్నరు. నీ చేతిల వడ్డది నా కొడుకే."

విచారణకు ఒక సారు వస్తాడట. పేరు నేనే పొరపాటున రాశానని చెప్పాలట.

"ఇన్నేండ్ల నీ సత్యం నిన్నేనాడన్న ఉపాసముంచిందా టీచరమ్మా? మమ్ముల ఉంచుతున్నది."

వెళ్తూ కరివేపాకు కూడా కోసుకోలేదు.

సెప్టెంబర్ 9

దీపం ముందు కూర్చుంటే శ్లోకం మధ్యలో తెగిపోయింది. అరవై ఏళ్లుగా నోట్లో ఉన్న శ్లోకం.

సెప్టెంబర్ 11

ఏకాదశి. ఉపవాసం. అంటే కోడలు సునీత చేసిన గోధుమరవ్వ ఉప్మా, రెండు అరటిపళ్లు, గ్లాసు పాలు. నా ఆకలి మీద దేవుడికి నమ్మకం కుదరకపోతే ఆయన తప్పేం లేదు.

గుడిలో పురాణం. సత్యం కోసం పెళ్లాన్నీ కొడుకునీ అమ్మేసిన రాజు కథ. ఎన్నిసార్లు విన్నానో, పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఇవాళ ఎందుకో చెవిలో ముల్లులా దిగింది. సత్యం ఆయనది. అమ్ముడుపోయింది వాళ్లు.

పంతులు గారిని అడిగాను – ఆ పిల్లవాణ్ణి ఒక్కమాటైనా అడిగారా అని.

"అది భగవంతుడు పెట్టిన పరీక్షమ్మా."

"పరీక్ష రాసేది ఒకరూ, దెబ్బలు తినేది ఇంకొకరూనా?"

చేతిలో ప్రసాదం పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. మంచి పద్ధతే. నేనూ బడిలో ఇలాగే గంట కొట్టించేదాన్ని.

సెప్టెంబర్ 13

రాజయ్యే వచ్చాడు, కర్ర పోటు వేసుకుంటూ. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్టు మీదే కూర్చున్నాడు – కూర్చోవడానికే అంతసేపు పట్టింది, చూడలేక తల తిప్పుకున్నాను.

"మా దాని మాట మనసుల వెట్టుకోకమ్మా. నువ్వు రాసింది నిజమే. అబద్దం నాది."

ఆ అబద్ధం ఎక్కడ మొదలైందో ఇన్నేళ్లలో నేను అడగలేదు. ఇవాళ అడిగాను.

ఓదెలు అతని అన్న. కమాన్‌పూర్ దగ్గర వాళ్ల పల్లె. గని నుంచి అన్న పేరున ఉద్యోగం కాగితం వచ్చేనాటికి అన్న పాము కరిచి పోయి తొమ్మిది రోజులు. వరుసగా రెండేళ్లు పంట లేదు. తండ్రి ఆ కాగితం తమ్ముడి చేతిలో పెట్టి, "ఇగ నువ్వే ఓదెలువు" అన్నాడు.

"మా అవ్వను గట్టిగ ఏడ్వనియ్యలేదమ్మా. పెద్దకొడుకు సచ్చిండని శోకం వెడితె గని దాక తెలుస్తదని. నోట్లె కొంగు కుక్కుకున్నది. ఊరంత ఎరుకే. ఊరంత నోరు మూసుకున్నది."

కర్రతో నేల గీశాడు.

"డ్యూటీల హాజరు వేసేటప్పుడు అన్న పేరు పిలుస్తరు. ఉన్న సార్ అంట. మొదట్ల ఒళ్లు జల్లుమనేది. తర్వాత తర్వాత... అన్న కూడ నాతోనే దిగుతుండు తియ్ అనుకున్న."

పెత్రమాస, అదే పెద్దల అమావాస్య నాడు అన్న పేరున బియ్యం ఇవ్వడానికి మంథని దాకా వెళ్తాడట, గోదావరి ఒడ్డుకు. ఇక్కడి గుళ్లో ఒకసారి ఇవ్వబోతే అయ్యగారు నవ్వాడట – బతికుండగనే నీకు నువ్వే ఇచ్చుకుంటవా ఓదెలూ అని.

"ఆడైతె నన్నెవ్వలు ఎరుగరమ్మా."

అబద్ధం ఆడితే కష్టాలు వస్తాయని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. ఈ మనిషికి కష్టం ముందు వచ్చింది. అబద్ధం దాని వెనక వచ్చింది. ఈ వరుస ఏ పాఠంలోనూ లేదు.

సెప్టెంబర్ 15

బడికి వెళ్లి పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించాను. నా దస్తూరీ అప్పట్లో ముత్యాలే. ఇప్పుడు చీమలు.

శీను పేరున్న పేజీ. తండ్రి పేరు – రాజయ్య. పక్కన పుట్టిన తేదీ – జూలై ఒకటి. పైవాడిదీ జూలై ఒకటే. కిందివాడిదీ. పేజీలో ముప్పావు వంతు పిల్లలు ఒకే రోజు పుట్టారు. కాలనీకి మంత్రసాని ఒక్కతే, ఆ రోజు ఎంత అలసిపోయిందో పాపం!

"ఎప్పుడు పుట్టిండయ్యా?" "వానలు వడ్డప్పుడు." రాసేయ్ – జూలై ఒకటి. అందరమూ అలాగే రాసేవాళ్లం. అన్ని పుట్టినరోజులు కల్పించిన చేయి తండ్రి పేరు గడికి వచ్చేసరికి పవిత్రమైపోయింది.

ఎందుకు? ఆ పేజీ ముందు కూర్చుంటే గుర్తొచ్చింది. ఆ రోజు గదిలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారు ఉన్నారు. కిటికీ దగ్గర టీ తాగుతున్నారు. ఆయనకు వినపడాలనే గొంతు పెంచాను. "భేష్" అన్నారు. పద్దెనిమిదేళ్లుగా కథ చెబుతూ ఆ కిటికీని, ఆ టీ కప్పుని, ఆ మనిషిని వదిలేశాను.

సెప్టెంబర్ 17

సునీత ఉపాయం: "'తప్పు నాదే' అనుండ్రి అత్తమ్మా. గంతే. ఏం తప్పో గా సారే అనుకుంటడు. మీ సత్యం మీకుంటది, వాళ్ల నౌకరి వాళ్లకుంటది."

కోడలు తెలివైనది. కానీ మాట నిజమై లోపల అబద్ధం ఉండటం... బడిలో అలా తప్పించుకున్నవాడికి రెండు దెబ్బలు ఎక్కువ పడేవి. ఆడితే తిన్నగా అబద్ధమే ఆడాలి. లేదా తిన్నగా నిజం. దేవుడికి తెలివితేటలు చూపించే వయసు దాటిపోయాను.

సెప్టెంబర్ 19

మార్కెట్ దగ్గర శీను. మట్టి టిప్పరు మీద క్లీనరట. ఒళ్లంతా దుమ్ము. "నమస్తే మేడం." నా చేతిలో సంచి తీసుకుని ఆటో దాకా వచ్చాడు.

"మేడం, ఒకపారి నన్ను ఎండల నిలవెట్టిన్రు, యాదికున్నదా?"

ఎంతమందిని నిలబెట్టానో. "ఎందుకురా?"

"అబద్దం చెప్పిన అని."

"ఏం చెప్పావు?"

"మీ నాయిన పేరేందిరా అంటె ఓదెలు అన్న."

నవ్వుతూనే అన్నాడు. నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

సెప్టెంబర్ 20

ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు. అటక మీద గిన్నెలు మోగాయి. పగలే మంచమెక్కాను. సునీత నా నుదురు పట్టి చూసింది.

సెప్టెంబర్ 22

విచారణ. సారు చిన్నవాడు, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. లచ్చమ్మ వాకిట్లో నిలబడింది. రాజయ్య లోపలికి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"ఈయన పేరేంటమ్మా?"

"ఓదెలు."

"మరి రిజిస్టర్లో రాజయ్య అని ఉంది?"

"నా పొరపాటు. వేరే ఎవరి పేరో రాసి ఉంటాను."

"రాజయ్య అనే మనిషి..."

"లేడు."

తడబడలేదు. తడబడతానేమో అనుకున్నాను. ఇంత సులువా ఇది! డెబ్బై ఏళ్లు దేనికి భయపడ్డాను?

సారు రాసుకున్నాడు. సంతకం పెట్టాను. రిజిస్టరులో నా చేత్తోనే ఆ పేరు కొట్టేసి, పక్కన ఓదెలు అని రాసి, సంతకం చేయాలట. శుక్రవారం లోపల నకలు అందకపోతే ఫైలు మూసేస్తారట.

లచ్చమ్మ కాళ్ల మీద పడబోయింది. ముట్టుకోకు అన్నాను. మడి అనుకుని వెనక్కి తగ్గింది. మడి కాదు.

రాజయ్య ఎప్పుడు వెళ్లాడో చూడలేదు.

సెప్టెంబర్ 23

దీపం ఎప్పటిలాగే వెలిగింది. శ్లోకం ఎక్కడా తెగలేదు. కనీసం అదైనా తెగకూడదా.

నాకు పాపం అంటుకుంటుందా అన్నది పెద్ద ప్రశ్న కాదు, అంటుకుంటే అనుభవిస్తాను. ఒకరి ఇల్లు నిలవడానికి ఆడిన అబద్ధం ధర్మమే అనేవాళ్లున్నారు. ఉండనీ. "లేడు" అన్నప్పుడు ఆ మనిషి గోడకు ఆనుకుని ఉన్నాడు. వింటూ ఉన్నాడు. ఈ ముక్క దగ్గరకు రాగానే ఎవరి ధర్మమూ నాకు ఆనడం లేదు.

సెప్టెంబర్ 25

ఏకాదశి. ఈసారి నిజంగానే ఏమీ దిగలేదు.

బడికి వెళ్లాను. గేటు దగ్గర రాజయ్య. "కొట్టేసేటి ముంగట ఒకపారి సూస్తనమ్మా."

హెడ్మాస్టరు రిజిస్టరు తెరిచి పెట్టాడు. రాజయ్యకు చదువు రాదు. అతని వేలు పట్టుకుని ఆ గడిలో పెట్టాను. గోరు కింద బొగ్గు నలుపు ఇంకా ఉంది, కడిగితే పోయే నలుపు కాదు.

"ఇదేనా?"

"ఇదే. మొదటిది రా. ఇది జ. ఇది య్య."

వేలు మెల్లగా ఆ చివరి దాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చింది.

"గింతేనా అమ్మా?"

"ఇంతే."

"నా పేరు కావాలని రాసిన కాయిదం ఇదొక్కటే. తక్కినయన్ని దీన్ని సూసి రాసినయి."

హెడ్మాస్టరు గడియారం చూశాడు. "కానివ్వండి మేడం." రాజయ్య వేలు తీయలేదు. గొడవ పెట్టుకునే గొంతు కాదు – పిల్లవాడు లెక్క అర్థంకాక అడిగే గొంతు:

"ఒక మాట చెప్పమ్మా. నేను వోయినంక పెత్రమాస నాడు శీనుగాడు ఎవలి పేరు మీద బియ్యమియ్యాలె? ఓదెలు అంటె అన్నకు వోతయి. రాజయ్య అంటె... గసొంటోడు లేడని నువ్వే చెప్తివి."

కలానికి మూత పెట్టాను. రేపు వస్తానని చెప్పి లేచాను.

దేవుడు పేర్లను బట్టి కాదు, మనిషిని బట్టి చూసుకుంటాడని చెప్పొచ్చు. నాకు ఆ నమ్మకం ఉంది కూడా. మరి ఎందుకు చెప్పలేదు? ఎందుకంటే అతడు అడిగింది దేవుడి సంగతి కాదు. కొడుకు నోటివెంట తన పేరు వస్తుందా అని.

సెప్టెంబర్ 26, ఉదయం

శుక్రవారం. పదిన్నరకు రమ్మన్నాడు హెడ్మాస్టరు. చీర మార్చుకున్నాను. కలం సంచిలోనే ఉంది.

లచ్చమ్మ అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడింది – నేను రానంటే మోసుకుపోయేలా. "పోరడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అన్నం గూడ ముట్టలేదు టీచరమ్మా. ఆటో వెట్టిన. జల్ది రా." తను కోరేదాంట్లో వంక పెట్టడానికి నాకు ఒక్కటీ దొరకదు.

రాజయ్య మెట్టు మీద. నీ ఇష్టమేమిటని ఇందాక అడిగాను. "పోరని నౌకరి అమ్మా" అన్నాడు. వెంటనే అన్నాడు, ఆలోచించకుండా. అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

వీధిలో ఆటో హారను. లచ్చమ్మ వెళ్లి ముందే కూర్చుంది.

మెట్టు మీద అతడు రెండు చేతులతో కర్ర పట్టుకుని, లేవడానికి సిద్ధంగా, నా వైపే చూస్తున్నాడు. నేను పిలవాలి. కిటికీ దగ్గర నిలబడి రాస్తున్నాను – ఏమని పిలవాలో తెలియక.