ఉమ్మెయ్యాల్సిన ద్రాక్షారసం

ఫిబ్రవరి 4, మంగళవారం

మళ్ళీ మూడు వెబ్‌సైట్లు తెరిచి కూర్చున్నాను. మూడింట్లోనూ ద్రాక్షతోట ఫోటో ఒకటేలా ఉంది. ఒకళ్ళు లెవెల్ ఒకటి, రెండు, మూడు అంటారు. ఇంకొకళ్ళు సర్టిఫైడ్, అడ్వాన్స్‌డ్ అంటారు. మూడోవాళ్ళు అంతా ఆన్‌లైన్లోనే, రుచి చూడ్డానికి చిన్న సీసాలు ఇంటికే పంపుతాం అంటారు. మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. ఆ ఇంటికి, కొరియర్లో, వైను.

ప్రకాశరావు గారు గడువు పెట్టేశారు. మార్చి అయిదులోగా ఏ కోర్సో చెప్పాలి. గోదావరి గట్టు మీద మా హోటల్ వాళ్ళు తెరవబోయే కొత్త రెస్టారెంటులో వైన్ చూసుకోవడానికి సర్టిఫికెట్ ఉన్న మనిషి కావాలట. నేను కాకపోతే హైదరాబాదు నుంచి ఎవరినో తెచ్చుకుంటారు. మేనేజరు కాబట్టి ఆయన గడువు పెడతారు. వడ్డన చూసుకునే కెప్టెన్ని కాబట్టి నేను తల ఊపుతాను.

ఫిబ్రవరి 5

ప్రకాశరావు గారు నన్నే ఎందుకు అడిగారంటే, మా హోటల్లో జరిగిన ఒక పెళ్ళి విందు వల్ల. సీసా మూత తియ్యగానే తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. ఇది పాడైందండి, టేబుళ్ళ మీదికి వద్దు అన్నాను. ఆయన ఒక గుక్క చూసి మొహం చిట్లించారు. రుచి చూడకుండా ఎలా చెప్పారని అడిగారు. వాసనొచ్చిందండి అని ఊరుకున్నాను. సరిగ్గా చెప్పాలంటే అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

అమ్మ దగ్గర్నుంచే రాస్తాను, నాకైనా తేలుతుందేమో.

చర్చిలో నెల మొదటి ఆదివారం సంస్కారం, అందరం రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. ఆ ద్రాక్షారసం బతికున్నన్నాళ్ళూ అమ్మే కాచింది. అమ్మ పోయాక ఎనిమిదేళ్ళుగా నేను కాస్తున్నాను. నల్లద్రాక్ష కడిగి, తొక్కలు పగిలేదాకా ఉడికించి, తెల్లగుడ్డలో వడగట్టి, పంచదార వేసి మళ్ళీ కాచాలి. ఉపవాసంతో చెయ్యాలి. రుచి చూడకూడదు. ప్రభువు బల్ల మీదికి వెళ్ళేదాన్ని ముందే ఎంగిలి చేస్తామా అనేది అమ్మ. నురగ రంగు, గరిటె నుంచి బొట్టు జారే తీరు, ఆవిరిలో పులుపు తగ్గే ఘడియ... వీటితోనే తెలుసుకోవాలి. తెలుసుకున్నాను. వంటలో ఉప్పు సరిపోయిందో లేదో ఇప్పటికీ నాకు వాసనతోనే తెలుస్తుంది.

ఇంకో నియమం. కాచే మనిషి మద్యం నోట పెట్టకూడదు. నేను హోటల్లో చేరినప్పుడు నాన్న దీని మీద రెండు రోజులు ఆలోచించారు. మోసేది వేరు, తాగేది వేరు అని తేల్చారు. కోర్టులో తీర్పు చెప్పినట్టు చెప్పారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు మోసేదీ కాదు, తాగేదీ కాదు. పుక్కిలించి ఉమ్మేది. దీన్ని ఏ గంపలో వెయ్యాలి?

కోర్సులో చేరితే ద్రాక్షారసం కాచే అమ్మ గిన్నె నా చేతుల్లోంచి పోతుంది. చేరకపోతే కొత్త రెస్టారెంటు పోతుంది. రెండూ కావాలి నాకు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, రెండూ కావాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాన్న పోలవరం నుంచి నిన్న వచ్చారు. అక్కడ ఆఫీసులో ఫైళ్ళు, ఇక్కడ సంఘం లెక్కా డొక్కా. ఆయనకి వారం మొత్తానికి ఒక్క పూట విశ్రాంతి. ఆ పూటే చెప్పాలా... చెప్పలేదు.

ఫిబ్రవరి 12

లెవెల్ రెండులో రుచి పరీక్ష లేదట! సరైన జవాబుకి టిక్కు పెట్టడమే. రోజంతా గాల్లో తేలాను. సాయంత్రం వాళ్ళకి ఫోన్ చేసి, క్లాసులో వైన్ నోట్లో పెట్టుకోకపోతే ఒప్పుకుంటారా అని అడిగాను.  ఆ అబ్బాయి చాలా మర్యాదగా, "తప్పనిసరి అని కాదు మేడమ్. కానీ మరి ఎందుకు చేరుతున్నారండి?" అన్నాడు.

ఫోన్ పెట్టేసి మళ్ళీ సైటు చూశాను. లెవెల్ మూడులో ఎలాగూ గ్లాసులు పెట్టి అదేమిటో కనుక్కోమంటారు. రెండో సంస్థలో అయితే పరీక్షకులే అతిథుల్లా కూర్చుంటారు, మనం సీసా తెరిచి పొయ్యాలి. అది నాకు కొట్టిన పిండి. కానీ అక్కడా మొదటి పేపర్ రుచే.

ఫిబ్రవరి 15, శనివారం — వైజాగ్

నమూనా క్లాసు. నాన్నకి హోటల్ పని మీద అని చెప్పాను. సగం నిజం.

ఆరు గ్లాసులు, ఒక కాగితం, మధ్యలో ఉమ్మడానికి బకెట్టు. అందరూ పుక్కిలిస్తున్నారు. నేను గ్లాసు వంచి రంగు చూసి, తిప్పి వాసన చూసి, గళ్ళన్నీ నింపేశాను. పులుపు ఎంత, వగరు ఎంత, అన్నీ. పాఠం చెప్పే ఆవిడ కాగితం చూసి, నా గ్లాసులు చూసి, మళ్ళీ కాగితం చూశారు. చాలావరకు సరిపోయాయట. "మీరు అసలు తాగనే లేదు కదండీ" అన్నారు. మా ఇంట్లో అలవాటండి అన్నాను. 

ఒక గ్లాసుకి నేరేడుపండు వాసన అని రాశాను. పరీక్షలో బ్లాక్‌కరెంట్ అని రాయాలట. ఆ పండు నేను కంటితో చూడలేదు. చూడని పండు వాసన వచ్చిందని రాస్తే అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ ఏమవుతుంది? ఆవిడని అడగలేదు లెండి.

చివరి గ్లాసు మాత్రం నోట్లో పెట్టుకోమన్నారు. సరే అన్నాను. ఆ క్షణంలో నా చేతులు నన్ను అడగలేదు. గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాను. తల వంచాను. కళ్ళు మూసుకున్నాను. మింగేశాను. కళ్ళు తెరిచేసరికి పక్క కుర్చీ ఆయన నా ప్రార్థన అయ్యేదాకా ఆగినట్టు కూర్చుని ఉన్నాడు.

అంతటితో అయితే బాగుండేది. బకెట్టు పారబోసి వస్తానని తీసుకెళ్ళి, సింకులో పొయ్యబుద్ధి కాక, క్లాసు జరిగిన హోటల్ పెరట్లో క్రోటన్ మొక్క మొదట్లో పోసి వచ్చాను. సంస్కారంలో మిగిలింది మేం అలాగే చెట్టు మొదట్లో పోస్తాం, కాలవలో పొయ్యం. పాతికమంది ఉమ్మిన నీళ్ళకి కూడా అదే మర్యాద చేశాను. తోటమాలి కేకలేశాడు. అతని తప్పేం లేదు.

ఫిబ్రవరి 16

మింగాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ముందు పులుపు. తర్వాత బుగ్గల లోపల వగరు, పచ్చి అరటికాయ కొరికినట్టు. అదీ పోయాక ఇంకేదో చాలాసేపు నిలిచింది. బాగుంది. బాగుండకపోతే ఈ గొడవే లేదు. బాలేదండి, నా వల్ల కాదండి అని ప్రకాశరావు గారికి చెప్పి నిద్రపోయేదాన్ని.

ఫిబ్రవరి 20

ఈ రోజు లెవెల్ రెండు. నిన్న లెవెల్ ఒకటి. మొన్న ఏదీ వద్దు. ఫారంలో కోర్సు పేరు రాయాల్సిన గడి వరకూ నింపి మూసేస్తున్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

చెప్పేశాను.

నాన్న భోంచేసి చెయ్యి కడుక్కుని కూర్చున్నారు. కొత్త రెస్టారెంటు, కోర్సు, గడువు, వైజాగ్, అన్నీ వరసగా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. ఆఫీసులో ఫైలు చదివినట్టు ఒక్కొక్క ప్రశ్నా అడిగారు. ఎన్నాళ్ళు? ఎక్కడ? తాగుతారా?

"తాగరు నాన్నా. నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తారు."

ఆయన మొహం అప్పుడు మారింది.

"తాగారంటే బలహీనతమ్మా, అర్థం చేసుకుంటాను. ద్రాక్షారసం నోట్లోకి తీసుకుని ఉమ్మెయ్యడమేంటి?"

మింగాను నాన్నా అన్నాను. ఏదో ఓదార్పు చెప్పినట్టు. లెంపలు వాయించుకోవాలనిపించింది.

 నాన్న మెల్లగా, ఈసారికి సలోమి అత్తయ్యని కాచమని చెబుతానన్నారు. "శిక్ష కాదమ్మా. నీ మనసు తేలేదాకా."

అమ్మ గిన్నె అత్తయ్యకి నేనే తోమి ఇవ్వాలి.

ఫిబ్రవరి 26

శివరాత్రి. ఘాట్ల వైపు దారులన్నీ జనం. హోటల్లో గదులు ఖాళీ లేవు. పొద్దుటి నుంచీ ఉపవాసం వాళ్ళకి పళ్ళ ముక్కలు, పాలు పంపించడమే పని. ఒక పెద్దావిడ బొప్పాయి వాసన చూసి పక్కన పెట్టేసింది. నాకెందుకో ఆవిడ చాలా నచ్చింది.

ఫిబ్రవరి 27, గురువారం

అత్తయ్య ఫోన్ చేసింది. సంఘంలో అందరికీ అత్తయ్యే. స్టవ్ మీద పెట్టేసిందట.

"ఎంతసేపు కాచాలే కరుణా?"

"ఆవిరిలో పులుపు తగ్గేదాకా అత్తయ్యా."

"అదెలా తెలుస్తుందే?"

చెప్పలేకపోయాను. అమ్మ నాకు చెప్పలేదు, పక్కన నిలబెట్టింది. నురగ ఎర్రగా ఉన్నప్పుడు కాదు, మట్టిరంగుకి వచ్చాక అన్నాను. అత్తయ్య ఊఁ అంది. గంట లెక్కన చెబితే బాగుండేది పాపం. వెళ్ళి చూద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. నాన్న వద్దన్నారు కదా అని విప్పేశాను. కాని మనసొప్పలేదు. రోజంతా చేతులకి పని లేనట్టుంది.

మార్చి 1

రేపు సంస్కారం. గురువారం కాచింది ఫ్రిజ్‌లో పెట్టారో లేదో. అడగను.

మార్చి 2, ఆదివారం

నాన్న పక్కనే మోకరించాను. పాస్టరు అయ్యగారు గిన్నె పట్టుకుని వస్తున్నారు. మా దగ్గరికి రాకముందే వాసన అందింది. ఇడ్లీపిండి పొంగినప్పటి వాసన. కాదులే అనుకున్నాను. నాలిక మీదికి వచ్చాక ఇక కాదనడానికి లేదు. సన్నగా చురుక్కుమంది. పంచదార ఎక్కువ, కాచింది తక్కువ, ఎండలు ముదిరాయి. పులియడం మొదలైంది.

మీ కొరకు చిందింపబడిన రక్తము అని అయ్యగారు అంటున్నారు. నేను మనసులో గళ్ళు నింపుతున్నాను. పులుపు మధ్యస్థం. తీపి ఎక్కువ. చివర కొంచెం ఘాటు. పాపాలు ఒప్పుకోవాల్సిన చోట మార్కులు వేశాను. లేచి వచ్చేశాను. ఇలాంటి భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు. ఒక్క గుక్కకే ఇలా అయితే లెవెల్ మూడు అయ్యేసరికి నాకు ప్రార్థన మిగులుతుందా?

బయట మెట్ల దగ్గర అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, బాగా కుదిరిందా అని అడిగింది. ఉపవాసంతో చేశానే అంది. కళ్ళల్లో నీళ్ళు. కుదిరింది అన్నాను.

ఇంటికి నడుస్తూ నాన్న చాలా హుషారుగా ఉన్నారు. ఆటో వద్దన్నారు.

"ఏమనుకోకమ్మా, నువ్వు కాచినదానికన్నా ఇవాళ్టిది బాగుంది. గొంతులోంచి వెచ్చగా దిగింది. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ లేదు."

పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మనిషి.

"వచ్చే నెల నుంచి ఆవిడనే కాచమందామా? నీకూ కోర్సుకి అడ్డుండదు."

ఆయన నా కోసమే అన్నారు. నాకు తెలుసు. మనసు తేలేదాకా అన్నవారు, నా మనసు తేల్చేసి నాకు దారి ఇస్తున్నాననుకుంటున్నారు.  ఎనిమిదేళ్ళు. ఒక్కసారీ బాగుందో బాలేదో చెప్పలేదు నాన్న.

మార్చి 3, సోమవారం

నాన్న పొద్దున్నే పోలవరం బస్సెక్కారు. ఎక్కేముందు, ఆలోచించావా అన్నారు. శనివారం చెబుతానన్నాను.

ప్రకాశరావు గారి గడువు ఎల్లుండి.

అది పులిసిందని చెబితే నాన్న ఏమైపోతారు. అత్తయ్య మళ్ళీ చర్చి మెట్లెక్కుతుందా. చెప్పకపోతే ప్రతి నెలా పులిసిందే బల్ల మీదికి వస్తుంది, దాన్ని అందరూ తలవంచి తీసుకుంటారు. వాళ్ళలో నా ఒక్కదానికే తెలుస్తుంది. పోనీ నేనే మళ్ళీ కాస్తానంటే, వైన్ మింగిన మనిషిని. నాన్న దృష్టిలో నాకన్నా అత్తయ్యే నయం. అది నిజమే కదా... నిజమేనా?

ఫోన్ తీశాను. నాన్న నంబరు. బస్సులో ఉంటారు, వినపడదు. పెట్టేశాను. ప్రకాశరావు గారి నంబరు తీశాను. ఆయన ఎత్తి, "చెప్పండి కరుణ గారూ, ఏ కోర్సు?" అన్నారు.

ఫోన్ పక్కన పెట్టి ఇది రాస్తున్నాను, ఆయన ఇంకా లైన్లోనే ఉన్నారు.