కరివేపాకు పాదుకు గండి

ఏమండీ,

మీరు పోయాక దోహాలో ఇదే మొదటి పెద్దవాన. పొద్దుటినుంచీ కుదురుగా కూర్చోలేక కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాను. ఎడారిలో చుక్క నీరు వృథా కాకూడదని మీరు కరివేపాకు చెట్టు చుట్టూ చెరువుగట్టంత పాదు కట్టారు. ఇప్పుడది నిజంగానే చెరువైంది. ఇంకాసేపు నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. తెంచుదామంటే, అది మీ చేతులతో మెత్తిన గట్టు.

చివరికి గొడుగేసుకుని బయటికి నడిచాను. వంటింట్లోంచి అట్లకాడతోనే వచ్చిన కోడలు గుమ్మంలోంచి పిలిచింది.

"అత్తయ్యా, పిడుగులు పడుతున్నాయి, లోపలికి రండి."

"నన్ను వెతుక్కుంటూ వచ్చే తీరిక పిడుగుకెక్కడిదే? ఆ అట్లకాడ ఇలా ఇవ్వు."

దాంతోనే గండి కొట్టాను. నీళ్ళు వాకిట్లోకి పరుగెత్తాయి. మీరు మెత్తిన మట్టీ వాటితోపాటే పోయింది. చెట్టు నిలిచింది.

రేపు గట్టు నేనే కట్టాలి. ఎంత వంకరగా కట్టినా తప్పుపట్టే మనిషి లేకపోవడం ఇంత చికాకుగా ఉంటుందనుకోలేదు.